పొయ్యి మీద కెమెరా

మా స్టూడియోకి వచ్చిన మొహాలన్నీ ముందు తెల్లబడతాయి, తరవాత నున్నబడతాయి. ఆ పని చేసేది నేనే. మా ఓనరు వరహాలరావు గారు ఫొటోషాపులో కొన్ని మీటలు తయారు చేసి పెట్టారు. ఒకదాని పేరు పెళ్లికూతురు, ఒకదాని పేరు పెళ్లికొడుకు, ఇంకోదాని పేరు పాప. నొక్కితే మచ్చలు పోతాయి, చెంపలు మెరుస్తాయి, పళ్ళు పాలరంగుకి వస్తాయి. ఒకసారి పింఛను కాగితాలకి ఫొటో తీయించుకున్న ముసలమ్మ మీద పొరపాటున పెళ్లికూతురు నొక్కేశాను. ఆవిడ ఫొటోని అటూ ఇటూ తిప్పి చూసి, అందులోది ఎవరో పిల్ల అనుకుని, "ఈ గుంటెవులు, మాయమ్మా?" అని అడిగింది. మళ్ళీ చేసి ఇచ్చాను. మొదటిదాన్ని పారేయబోతే మాత్రం ఒప్పుకోలేదు. దాన్నీ కొంగున కట్టుకుని పోయింది.

అరకు మెయిన్ రోడ్డు మీద ఆ స్టూడియోలో, ఆ కుర్చీలో కూర్చోబట్టి రెండేళ్ళు దాటింది. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. కంప్యూటర్ మీది ఇంగ్లిష్ మాటలు నాకు అర్థం కాలేదు గాని, ఏది ఎక్కడ ఉంటుందో గుర్తుపెట్టుకున్నాను. పైనుంచి ఏడోది మొటిమలు మాయం చేసే బ్రష్. దాని కిందది రంగు పూసేది. వంటింట్లో ఉప్పు డబ్బా వెతుక్కోనట్టే అదీను.

ఆ కుర్చీలోంచి మనుషులు చాలా దగ్గరగా కనిపిస్తారు. ఫొటో తీసేవాళ్ళు క్షణం చూస్తారు, ఎడిటింగు చేసేవాళ్ళు గంట చూస్తారు. పెళ్లికి ముందు రాత్రి ఎవరు ఏడ్చారో నాకు తెలుస్తుంది. కళ్ళ కింద వాపు తీసేసేదాన్ని నేనే. ఏ అత్తగారు ఏ కోడలి వైపు చూడకుండా నిలబడిందో తెలుస్తుంది. దానికి బ్రష్ లేదు.

ఇంతమంది మొహాలు చూస్తానుగాని, నా కూతురు వెన్నెల మొహం పగటి వెలుగులో చూసేది ఆదివారాలే. దానికి మూడో ఏడు నడుస్తోంది. చలికాలంలో అది నిద్ర లేవకముందే కొండ దిగి జీపు ఎక్కుతాను. తిరిగి వచ్చేసరికి చీకటి పడిపోతుంది. దాని నాన్న ధర్మ మారేడుమిల్లిలో ఒక రిసార్టు బండి నడుపుతాడు, నెలకోసారి వస్తాడు. కాబట్టి పిల్ల రోజంతా మా అత్త దగ్గరే.

మంచు మొదలైతే వెన్నెలకి దగ్గు మొదలవుతుంది. ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింద లోపలికి లాగుతోందేమో చూస్తూ ఉండమని నర్సమ్మ చెప్పింది. లాగితే వెంటనే తీసుకురమ్మంది. స్టూడియోలో కూర్చుని అది ఎలా చూడను? ఎవరి పిల్లల ఫొటో వచ్చినా ముందు ఛాతీ వైపే చూపు పోతుంది. గౌన్ల మీద ఏమీ కనిపించదు.

మా అత్తేమో దాన్ని పొయ్యి పక్కనే కూర్చోబెడుతుంది. ఇంట్లో పొగ పైకప్పు దాకా నిండి ఉంటుంది.

"పొగలో పెట్టకు అత్తా, దగ్గు ఎక్కువవుతుంది" అంటాను.

"పొగ నేకపోతే సలి తినేత్తాది. నీ మొగుడు ఈ పొగలోనే పెరిగినాడు. ఆడికేటయ్యింది?"

"ఆయనకి ఇప్పటికీ పొద్దున్నే దగ్గొస్తుంది."

"అది బీడీ."

అక్కడితో మాట అయిపోతుంది. ధర్మకి ఫోన్ చేసి చెబితే, "మాయమ్మతో పడకు" అంటాడు, లేకపోతే సిగ్నల్ పోయిందంటాడు.

నాకు కావలసింది ఒక్కటే. కెమెరా పట్టుకుని ఫంక్షన్లకి నేను వెళ్ళాలి, ఎడిటింగు ఇంటి దగ్గర చేసుకోవాలి. వారంలో ఒకటి రెండు రోజులు బయట తిరిగితే మిగతా రోజులు పిల్ల నా కళ్ళ ముందుంటుంది. ఈ మాట వరహాలరావు గారితో చాలాసార్లు అన్నాను. ఆయన విజయనగరం వైపు మనిషి, మంచివాడే. నవ్వేసి, "కెమెరా అంటే బంగాళాదుంపల బుట్ట కాదమ్మా, మోసుకుపోడానికి" అనేవారు.

జనవరిలో అరకు నిండా టూరిస్టులు. పొగమంచులో ఫొటోలు దిగడానికి పెళ్లి కుదిరిన జంటలు విశాఖపట్నం నుంచి కార్లు వేసుకుని వస్తారు. ఆయన బొర్రా దగ్గర అలాంటి షూటింగు ఒకటి ఒప్పుకున్నారు. సరిగ్గా అప్పుడే పైవలస నుంచి భీమన్న వచ్చాడు. మాకు రెండు కొండలు అవతల ఊరు అది.

"పెళ్లి ఫొటోలు కావాలి సార్. ఆల్బం కూడాను."

"ఎవరిదయ్యా పెళ్లి? నీ కూతురిదా?"

"మాయమ్మా బాబుది."

వరహాలరావు గారు సెల్‌ఫోన్ పక్కన పెట్టారు. అమ్మానాన్నల పెళ్లంటే నాకు వింత అనిపించలేదు. మా వైపు కొండల్లో కొన్ని ఊళ్ళలో కాపురం ముందు మొదలవుతుంది. పెళ్లి విందు ఎప్పుడు వీలైతే అప్పుడు. పిల్లలు పుట్టాక కావచ్చు, మనవలు పుట్టాక కావచ్చు. భీమన్న కూతురికి సంబంధం వచ్చింది. ముందు పెద్దవాళ్ళ విందు అయితేగాని చిన్నదాని పెళ్లికి రామని కులపెద్దలు అన్నారట.

"మా బాబు ఫొటో వొద్దంతన్నాడు సార్. మాయమ్మకే కావాలి. గోడకి ఏలాడదీత్తాదట."

ఆయన నా వైపు తిరిగారు. "ఏమ్మా స్వర్ణా, ఎల్తావేటి? నాకా రెండ్రోజులూ కుదరదు. బాగా తీసినావనుకో, మాఘమాసంలో కొండ మీది ఫంక్షన్లన్నీ నీయే. తేడా వొచ్చిందా, మళ్ళీ ఈ కుర్సీ. అప్పుడు మళ్ళీ నన్ను అడక్కూడదు."

పాత కెమెరాకి ఫిఫ్టీ లెన్సు తగిలించి ఇచ్చారు. జూమ్ లెన్సు ఆయనే తీసుకుపోయారు. ఫిఫ్టీలో జూమ్ ఉండదు. మొహం దగ్గరగా కావాలంటే మనమే దగ్గరికి నడవాలి, గుంపు మొత్తం కావాలంటే మనమే వెనక్కి నడవాలి. అరచేతిలో ఇమిడిపోతుంది. లోపల పల్చటి రేకులు కొన్ని చుట్టూ అమర్చి ఉంటాయి. అవి పూర్తిగా తెరుచుకుంటే వెలుగు బాగా వస్తుంది, కానీ ఎవరి మీద గురి పెట్టామో వాళ్ళే స్పష్టంగా ఉంటారు, వాళ్ళ ముందూ వెనకా అంతా మసక. కొంచెం మూసుకుంటే అందరూ స్పష్టంగా వస్తారు. గుంపు ఫొటోకి మూయాలి. అది నాకు తెలుసు.

"ఈ మంచుకి లోపల బూజు పట్టీస్తాది. జాగర్త" అని చెప్పి ఆయన బొర్రా వెళ్ళిపోయారు.

పెళ్లికి రెండు రోజుల ముందు సాయంత్రం కెమెరా ఇంటికి తెచ్చుకున్నాను. అత్త బ్యాగు చుట్టూ తిరిగి చూసింది.

"ఇదేటే?"

"కెమెరా. దీనికి చెమ్మ తగలకూడదు అత్తా. తగిలితే లోపల బూజు పడుతుంది. పాడయిందంటే నా పని అయిపోయినట్టే."

"ఇత్తనాల్లాగ."

"ఆఁ, అలాగే అనుకో."

వెన్నెలకి అన్నం పెడుతూ, వినీ వినకుండా అన్న మాట అది. కెమెరాని పాత చీరలో చుట్టి ఇనప్పెట్టెలో పెట్టాను. మర్నాడు స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోల ఎడిటింగు ఉంది. కొండ దిగి వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రం వెలుగుండగానే తిరిగి వచ్చేసరికి బ్యాగు పొయ్యికి సరిగ్గా పైన వేలాడుతోంది. పైకప్పు వాసానికి కట్టిన కొక్కేనికి, ఒక పక్క మొక్కజొన్న కంకుల గుత్తి, ఇంకో పక్క చోడి, అంటే రాగి, విత్తనాలు పోసిన ఆనపబుర్ర, మధ్యలో నల్ల బ్యాగు. కింద పొయ్యి భగభగ మండుతోంది. వెన్నెల పక్కనే కూర్చుని పుల్ల ఒకటి పొయ్యిలోకి తోస్తోంది.

"ఇనప్పెట్టి సల్లగా ఉంతాది. సెమ్మ దాంట్లోనే కదేటి పుట్టేది" అంది అత్త. "పొద్దున్నుంచి పొయ్యి ఆరనివ్వనేదు. మధ్యాన్నం రెండు మోపులు తెచ్చినాను. సూడు, ఎంత పొడిగా ఉన్నాదో."

బ్యాగు దించాను. అప్పుడే దించిన కుండలా ఉంది. జిప్పు కూడా వేడి. లోపల పొగ వాసన. కెమెరా ఆన్ అయింది, అది ఊరట. వెన్నెల మీద గురి పెట్టి నొక్కితే చప్పుడు సగంలో ఆగిపోయింది. తెర మీద ఎర్రర్ అని వచ్చింది. ఆపి మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఎర్రర్.

ఏడుపు రాలేదు. పిల్లకి జ్వరం వచ్చినప్పుడు కూడా నాకు అంతే. ముందు చేతులు పని చేస్తాయి. గుమ్మంలో వెలుగున్న చోట కూర్చుని రేకుల్ని తెరిచే చక్రం ఒక్కో మెట్టు తిప్పుతూ నొక్కుకుంటూ పోయాను. ఎర్రర్, ఎర్రర్, ఎర్రర్. చివరి మెట్టు దగ్గర, రేకులు పూర్తిగా తెరిచి ఉండే చోట, టక్కుమని ఫొటో వచ్చింది. ఒక మెట్టు వెనక్కి తిప్పితే మళ్ళీ ఎర్రర్. అప్పుడు అర్థమైంది. వేడికి లోపలి గ్రీజు కరిగి రేకుల మీదికి పాకింది. అవి అతుక్కుపోయాయి. రేకులు కదలక్కర్లేకపోతే కెమెరా పలుకుతుంది.

వచ్చిన ఫొటో చూశాను. వెన్నెల కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా లెక్కపెట్టొచ్చు. చెవులు లేవు, కరిగిపోయాయి.

"బాగున్నాదా?" అంది అత్త, నా భుజం మీంచి చూస్తూ.

"బాగుంది."

"మరి మొకం అలగేల పెట్టినావు?"

"ఏం లేదు. నువ్వు పిల్లని ఇటు తీసుకురా, పొయ్యి దగ్గర్నుంచి."

ఆవిడ మీద కోపం వచ్చింది, నిజమే. కానీ అంత పుల్ల మోసుకొచ్చి, పగలంతా కాపలా కాసింది. ఆ ఇంట్లో మరుసటి ఏడాదికి ఉండవలసింది ఏదైనా ఆ కొక్కేనికే వేలాడుతుంది. నా పని కూడా అలాంటిదేనని ఆవిడ అనుకుంది.

పొద్దున్నే పిల్లని ఆవిడకి అప్పగించి పైవలస నడిచాను. దారి పొడవునా ఒక్కటే లెక్క. గుంపు ఫొటోలో ముందు వరస స్పష్టంగా వస్తే వెనక వరస మసక. అవి చూసి వరహాలరావు గారు ఏమంటారో తెలుసు. ఆ కుర్చీ, ఆ జీపు, ఆ చీకటి.

భీమన్న నాన్న గాసి తాత ఇంటి ముందు పందిరి వేశారు. భీమన్న అమ్మ సుక్రి అవ్వకి పసుపు రాస్తున్నారు. చుట్టూ చేరిన ముసలమ్మలకి నోటికి హద్దు లేదు.

"తలొంచుకోవే, పెళ్లికూతురివి. సిగ్గుపడు."

"సిగ్గు నా మనవరాలికిచ్చీసినాను. నాకేటి మిగిలినాది?" అంది అవ్వ.

"ఒలే, ఈ రాత్రికి నిన్ను ఎక్కడ పండబెడతారే?"

"ఎక్కడేటి, మేకల పక్కన. ఆయన గురక కంటే అయ్యే నయం."

ఈ మాటల మధ్య అందరినీ దగ్గర్నుంచి తీశాను. ఒక్కో మొహం ఒక్కో ఫొటో. ఫిఫ్టీ పూర్తిగా తెరిచి ఒక్కరినే తీస్తే దానంత మంచి లెన్సు లేదు. అవ్వ నుదుటి మీద చిన్నప్పటి పచ్చబొట్టు గీతలు కూడా పడ్డాయి. మధ్యాహ్నం దాకా నాకు భయం గుర్తే రాలేదు.

ఇద్దరినీ కలిపి తీయాల్సి వచ్చినప్పుడు చిక్కు మొదలైంది. గాసి తాత అవ్వ పక్కన నిలబడడు. నిలబెడితే నిలబడతాడు, నేను కెమెరా ఎత్తేలోపల ఒక అడుగు ముందుకి వచ్చేస్తాడు. అవ్వ ఒక అడుగు వెనక ఉంటుంది. ఆయన స్పష్టం, ఆవిడ మసక. ఆవిడ మీద గురి పెడితే ఆయన మసక.

"తాతా, అవ్వకి సమానంగా నిలబడు."

"నిలబడ్డానే."

"ముందుకొచ్చేశావు."

"నానెప్పుడూ ఇక్కడే ఉంతాను" అన్నాడు. అది నిజం. కొండ దారి ఒక్క మనిషి పట్టేటంతే ఉంటుంది. ఇన్నేళ్ళూ ఆయన ముందు నడిచాడు, ఆవిడ బరువు మోస్తూ వెనక నడిచింది. సంతకైనా, పోడుకైనా అంతే. పక్కపక్కన నిలబడడం వాళ్ళ కాళ్ళకి తెలియదు.

గుంపు దగ్గర ఇంకా కష్టం. కొడుకులు, కూతుళ్ళు, మనవలు, చుట్టాలు, అందరూ ఎవరికి నచ్చిన చోట వాళ్ళు నిలబడ్డారు. వెనక్కి వెళ్ళి తీద్దామంటే వాకిలి నాలుగడుగులే, ఆ తరవాత పల్లం, దాని కింద వాగు. ఒకాయన, "గుంటా, ఇంకో అడుగు ఎనక్కేసినావంటే నీ పెళ్లి గెడ్డలోనే" అన్నాడు. అందరూ నవ్వారు.

అవ్వ నా వంక చూస్తోంది. పసుపు ఆరిపోతోంది. ఎవర్ని స్పష్టంగా ఉంచాలి, ఎవర్ని మసక చేయాలి? భీమన్నని ఉంచి వాళ్ళ అమ్మని మసక చేయనా? ఎవరు మసకగా ఉన్నా వాళ్ళింట్లో ఆ ఫొటో కింద ఏళ్ళ తరబడి గొడవే.

అప్పుడు వాకిట్లో ఆ చివర డప్పులు వెచ్చబెడుతున్నవాళ్ళు కనిపించారు.

"అందరూ థింసా ఆటకి నిలబడినట్టు నిలబడండి" అన్నాను.

ఇంక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. చేతులు ఒకరి నడుం వెనక ఒకరు పెనవేసుకున్నారు. భుజానికి భుజం, మడమకి మడమ. గీత గీసినట్టు ఒక్క వరస. గాసి తాత కూడా అవ్వ చెయ్యి పట్టుకోగానే సమానంగా వచ్చేశాడు. థింసాలో ముందూ వెనకా ఉండదు. ఇంత వరస నా లెన్సులో పట్టదు. ముక్కలుగా తీసి, స్టూడియోలో అతకాలి. అతకడం నాకు చేతనైన పని. ఎడమ చివర్నుంచి మొదలుపెట్టాను, నలుగురేసి చొప్పున.

రెండో ముక్క తీస్తుండగా డప్పు మోగింది. ఎవరూ మోగించమనలేదు. వరస కనపడితే వాళ్ళ చేతులు ఊరుకోవు. డప్పు మోగితే వీళ్ళ కాళ్ళు ఊరుకోవు. వరస కదలడం మొదలుపెట్టింది.

"ఆగండి, ఫొటో ఇంకా అవలేదు."

"నువ్వు తీసుకో గుంటా, మేం అడ్డు కాదు" అంది సుక్రి అవ్వ.

నేను కదలకుండా నిలబడి, ముందు నుంచి జరిగిపోయే వాళ్ళని జరిగినట్టు తీశాను.

స్టూడియోలో ఆ ముక్కలు అతుకుతుంటే గాసి తాత రెండు చోట్ల వచ్చాడు. ఒకసారి అవ్వ పక్కన, ఇంకోసారి దాదాపు చివర, మనవడి చెయ్యి పట్టుకుని. నేను ముక్క తీసేలోపల వరస తిరిగి వచ్చేసింది మరి. రెండింట్లోనూ ఆయన నవ్వు బాగుంది. చాలాసేపు ఆలోచించి చివరిదాన్ని తీసేసి, మనవణ్ణి పక్కావిడకి దగ్గరగా జరిపాను. వేళ్ళ దగ్గర అతుకు కనపడకుండా చేయడానికి ఒక పూట పట్టింది. తరవాత పెళ్లికూతురు మీట మీద వేలు పెట్టి ఆగాను. అది నొక్కితే పచ్చబొట్టు గీతల్ని మచ్చలనుకుని తుడిచేస్తుంది. ఎవరికీ ఏ మీటా నొక్కలేదు. పొగమంచు వల్ల వచ్చిన నీలాన్ని మాత్రం కొంచెం తగ్గించాను.

లెన్సు సంగతి వరహాలరావు గారికి చెప్పలేదు. ఆల్బం చూశాక చెబుదామనుకున్నాను. ముందు చెబితే ఆల్బం చూడరని నా భయం.

సంత రోజు భీమన్న వస్తాడని ఆయన పొద్దున్నే ఫొటోలు చూడ్డానికి కూర్చున్నారు. వరస ఫొటో దగ్గర కళ్ళద్దాలు పెట్టుకున్నారు.

"ఇదేటి, ఇంత పొడుగు? ఎలగ తీసినావు?"

"ముక్కలు సార్. అతికాను."

"అతుకెక్కడ?"

చూపించాను. ఆయన ఇంకా దగ్గరికి వంగారు. ఆ చోటు పెద్దది చేసి మళ్ళీ వెతికారు. అలా వెతకడం ఆయన మెచ్చుకోవడమే. ఇంతలో బయట ఎవరో పాస్‌పోర్టు ఫొటోకి వచ్చారు. ఆయన చేతికందిన పాత కెమెరా తీసి, రేకులు మూసే మెట్టుకి తిప్పి నొక్కారు. చప్పుడు సగంలో ఆగింది.

ఆయన లెన్సు విప్పి వెలుగుకి పెట్టి చూశారు. "రేకులకి జిడ్డు. వయసైపోయిందా ఏటి దీనికి? నేకపోతే మంచుకా?" నా వంక చూశారు. "నీకు బాగానే పని సేసిందా?"

చేసింది అంటే అయిపోతుంది. లెన్సు పాతదే, ఎవరినీ అనేది లేదు. లేదూ, పొయ్యి మీద వేలాడింది అంటే, ఇంక కొండ మీది ఏ ఇంటికీ ఆయన కెమెరా పంపరు. నోరు తెరిచాను. ఏ మాట చెప్పడానికో నాకే తెలియదు.

"మంచు కాదు బాబూ. నానే."

గుమ్మంలో మా అత్త. నెత్తి మీద చిక్కుళ్ళ బుట్ట, వీపున వెన్నెల. సంతకి వచ్చి, పిల్ల అమ్మ కోసం ఏడిస్తే ఇటు తీసుకొచ్చిందట.

"నువ్వేటమ్మా?" అన్నారాయన.

"పొయ్యి మీద కట్టినాను. పగలంతా. బూజు పడతాదని కోడలు బెంగెట్టుకున్నాది. అది పాడైపోయినాదని నాకు సెప్పనేదు. మొకం సూసి తెలుసుకున్నాను."

"కెమెరాని పొయ్యి మీదా?"

"మరి ఎక్కడ కట్టమంతావు? మీ ఇంట్లో ఇత్తనాలు ఎక్కడ పెడతారు?"

"మాకు ఇత్తనాలెక్కడివి, ఏటి సెప్తన్నావు" అని ఆయన కుర్చీలో కూలబడ్డారు. నవ్వు ఆపుకుంటున్నారో, కోపం ఆపుకుంటున్నారో తెలియలేదు. పాస్‌పోర్టు ఫొటోకి వచ్చినాయన మాత్రం బాహాటంగా నవ్వాడు. "పండిందా అమ్మా, ఎన్ని కెమెరాలు కాసినాయి?"

"నోరు ముయ్యి" అన్నారు వరహాలరావు గారు అతనితో. తరవాత నన్ను అడిగారు. "అయితే పెళ్లంతా పాడైన లెన్సుతోనే తీసినావా?"

"రేకులు తెరిచి ఉంటే పని చేస్తుంది సార్. అందుకే వరసలో నిలబెట్టాను."

ఆయన మళ్ళీ కంప్యూటర్ వైపు చూశారు. తెర మీద ఆ పొడుగు వరస అలాగే ఉంది. లెన్సు బల్ల మీద పెట్టి చెప్పారు. మాఘంలో కొండ మీది ఫంక్షన్లకి నేనే వెళ్ళాలి. కెమెరా మాత్రం ఏ ఇంట్లోనూ పెట్టకూడదు. పొద్దున్న స్టూడియోలో తీసుకుని, పని అయ్యాక అదే రోజు స్టూడియోలో అప్పజెప్పాలి. ఎడిటింగు కూడా ఇక్కడే. ల్యాప్‌టాప్ ఊసు ఎత్తితే చెయ్యి అడ్డం పెట్టారు. "అది కూడా కంకుల పక్కన కడతారు."

నేను లెక్క వేసుకున్నాను. తెల్లారకముందే కొండ దిగి కెమెరా తీసుకోవడం, ఇంకో కొండ ఎక్కడం, దిగి అప్పజెప్పడం, మళ్ళీ మా కొండ ఎక్కడం. అడిగింది దొరికింది. పిల్లని చూసేది ఇంకా తగ్గింది.

సరేనన్నాను. ఇంకేం అనను?

బయటికి వచ్చాక అత్త వెన్నెలని వీపు మీంచి దించి నా చేతికిచ్చింది. పిల్ల ఛాతీ మీద చెయ్యి పెట్టి చూశాను. గురగుర ఉంది, లోపలికి లాగడం లేదు.

"పాడుసేసినాను నీ పని" అంది అత్త.

"లేదులే. ఇచ్చారుగా."

"ఏటిచ్చినాడు, పొద్దుగూకులూ తిరుగుడిచ్చినాడు. విన్నాను." బుట్ట సర్దుకుంది. "గుంటని నీతో తీసుకుపో. ఈపున కట్టుకో. నాను నీ మొగుణ్ణి కట్టుకుని కలుపు తీసినాను, నాట్లేసినాను. నీది అంతకంటే బరువు పనా?"

"ఫొటోలు తీసేటప్పుడు కదులుతుంది అత్తా. ఎండా, చలీ."

"పొగలో వొద్దంతావు, సలిలో వొద్దంతావు. ఎక్కడ పెడతావే దాన్ని?"

ఆవిడ తన నడుం గుడ్డ విప్పి, అక్కడే రోడ్డు మీద, పిల్లని నా వీపుకి కట్టడం మొదలుపెట్టింది. ముడి ఛాతీ మీద పడకుండా భుజం పక్కకి వేసింది. అక్కడైతే కెమెరా బెల్టుకి తగలదంది. వరహాలరావు గారు అద్దం తలుపు లోంచి చూస్తున్నారు.

మాఘంలో మొదటి పెళ్లికి అలాగే వెళ్ళాను. ఇల్లు చీకటి, చిన్న కిటికీ. పైవలసలో పెట్టినట్టే, షట్టరు సెకనులో నూట ఇరవై అయిదో వంతు తెరుచుకునేలా పెట్టి పది ఫొటోలు తీస్తే పదీ కదిలిపోయాయి. నేను ఊపిరి బిగపట్టి నొక్కుతాను. వీపు మీద అది ఊపిరి తీస్తుంది. దాన్ని బిగపట్టమనలేను, అది ఆగితే నేనూ ఆగిపోతాను. చక్రం తిప్పి రెండు వందల యాభయ్యో వంతు పెట్టాను. ఫొటో కొంచెం నల్లబడింది. ఎడిటింగులో వెలుగు పెంచుకోవచ్చు. పిల్ల ఊపిరికి అది చాలింది. దానికి దగ్గు వచ్చినప్పుడు మాత్రం వేలు తీసి ఆగుతాను. పెళ్లివాళ్ళు కూడా ఆగుతున్నారు.